రోమ్ మారథానా, ఏథెన్స్ మారథానా: ఏది మేలు?

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో రెండు మూడు మారథాన్లు పూర్తిచేసినవారికి సహజంగానే విదేశీ నగరం మీదికి మనసు పోతుంది. వారిలో చరిత్ర మీద మక్కువ ఉన్నవారి ముందు చివరికి రెండు పేర్లు నిలుస్తాయి: మార్చిలో జరిగే రోమ్, నవంబరులో జరిగే ఏథెన్స్. ఆసియా నుంచి ఐరోపాలోకి వంతెన మీదుగా దాటించే ఇస్తాంబుల్ పరుగుకూ తన ఆకర్షణ తనకుంది గాని, ఒలింపిక్ మారథాన్ చరిత్రతో ముడిపడినవి కాబట్టి ఈ రెండింటినే ఇక్కడ పోల్చి చూద్దాం. రెండూ ప్రాచీన నగరాలే అయినా పరుగుదారి స్వభావంలో వీటికి పొంతన లేదు. రోమ్‌లో నగరం లోపల పరుగెత్తుతాం, ఏథెన్స్‌లో నగరం వైపు పరుగెత్తుతాం. మిగిలిన తేడాలు చాలావరకు ఇందులోంచి పుట్టినవే.

రోమ్ పరుగు కొలోసియం సమీపంలో, ఫోరీ ఇంపెరియాలీ వీధిలో మొదలవుతుంది. ముగింపును ఇటీవలి సంవత్సరాలలో, ఒకప్పుడు రథాల పందేలు జరిగిన సర్కస్ మాక్సిమస్ వద్దకు మార్చారు. తీరిగ్గా నడిచినా పావుగంట పట్టే ఈ దూరాన్ని 42.195 కిలోమీటర్లుగా సాగదీసి, టైబర్ నది ఒడ్డు, వాటికన్ పరిసరాలు, పియాజా నవోనా, స్పానిష్ మెట్లు, పియాజా దెల్ పోపోలో అన్నీ చుట్టించి తీసుకువస్తారు. దారి దాదాపు చదునుగానే ఉంటుంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే కోరుకోవలసింది లేదనిపిస్తుంది.

అయితే రోమ్ పాత వీధుల్లో నేల నల్లరాయి. సాంపియెత్రీని అని పిలిచే ఈ బసాల్ట్ రాతి దిమ్మెలు అరచేయంత ఉంటాయి. పైభాగం కాస్త ఉబ్బెత్తుగా, శతాబ్దాల రాకపోకలకు నున్నగా అరిగి ఉంటుంది. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య సందులో బూటు అంచు పడితే చీలమండ పక్కకు ఒరుగుతుంది, వాన పడితే పట్టు జారుతుంది. నగరం ఎక్కడ అత్యంత అందంగా ఉందో ఈ రాళ్ళు అక్కడే ఎక్కువ కావడం అసలు చిక్కు. తలెత్తి చూడవలసిన చోటే తల దించుకుని, ముందున్నవారి మడమల మధ్య నేలను వెతుక్కుంటూ పరుగెత్తవలసి వస్తుంది. పలుచని అట్ట ఉన్న రేసు బూట్లకంటే కాస్త మందమైన, వెడల్పాటి అడుగు ఉన్న బూట్లు ఇక్కడ నయం.

ఈ రాళ్ళ మీదే 1960 సెప్టెంబరు 10న ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా చెప్పులు లేని కాళ్ళతో ఒలింపిక్ మారథాన్ గెలిచాడు. ఎండకు భయపడి ఆ పోటీని సాయంత్రం మొదలుపెట్టారు. చీకటి పడ్డాక దారి పొడవునా సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో అతడు కాన్‌స్టంటైన్ విజయతోరణం వద్ద పరుగు ముగించాడు. పాతికేళ్ళ క్రితం తన దేశాన్ని ఆక్రమించడానికి దండెత్తిన ఇటలీ రాజధానిలో, ముసోలినీ కాలంలో ఇథియోపియా నుంచి తరలించుకువచ్చిన అక్సుమ్ శిలాస్తంభం పక్కనుంచి సాగిన పరుగది. ఆ స్తంభం 2005లో స్వదేశానికి తిరిగి వెళ్ళింది. ఇప్పటి మారథాన్ దారి బికిలా దారి కాదు, కొన్ని చోట్ల మాత్రమే దానికి దగ్గరగా వస్తుంది. అయినా 2010లో, ఆ విజయానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, రోమ్ మారథాన్ గెలిచిన ఇథియోపియా రన్నర్ సిరాజ్ గెనా చివరి కొన్ని వందల మీటర్లు బూట్లు విప్పి పరుగెత్తాడు.

ఏథెన్స్ సంగతి వేరు. అక్కడ తెల్లవారకముందే రన్నర్లను బస్సుల్లో ఎక్కించి మారథాన్ అనే ఊరికి తీసుకువెళ్తారు, తిరిగి రావడం ఎవరి కాళ్ళ మీద వారిదే. క్రీస్తుపూర్వం 490లో పర్షియన్లతో యుద్ధం జరిగిన ప్రదేశమది. పరుగు మొదలైన కొన్ని కిలోమీటర్లకే, ఆ యుద్ధంలో మరణించిన 192 మంది ఏథెన్స్ యోధుల సమాధి దిబ్బ చుట్టూ దారి తిరుగుతుంది. విజయవార్త మోసుకుని ఏథెన్స్ దాకా పరుగెత్తి ప్రాణాలు విడిచిన వార్తాహరుడి కథ మనందరికీ తెలిసినదే గాని, ఆ యుద్ధాన్ని వివరంగా రాసిన ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ దానిని చెప్పలేదు. ఆయన చెప్పింది యుద్ధానికి ముందు ఫిడిప్పిడీస్ అనే ఏథెన్స్ వార్తాహరుడు సాయం కోసం మరో గ్రీకు నగరమైన స్పార్టాకు పరుగెత్తిన సంగతి. మరణంతో ముగిసే కథ కొన్ని శతాబ్దాల తరువాతి రచనల్లో కనిపిస్తుంది. కథ కల్పితమే అయినా 1896లో తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో ఆ పరుగు నిజంగానే జరిగింది. మారూసి గ్రామానికి చెందిన, నీళ్ళు మోసి బతికే స్పిరిడాన్ లూయిస్ దాదాపు 40 కిలోమీటర్ల దూరాన్ని మూడు గంటల లోపే ముగించి గెలిచాడు.

సమాధి దాటాక కనిపించేది, ఉన్నమాట చెప్పాలంటే, పెద్దగా ఏమీ లేదు. నేయా మాక్రి, రఫీనా, పికెర్మి, పలీని అంటూ శివారు ఊళ్ళు, పెట్రోలు బంకులు, ఫర్నిచర్ దుకాణాలు వరసగా వస్తాయి. దారి పక్కన ఊరివాళ్ళు ఒలీవ కొమ్మలు చేతికిస్తారు. పదో కిలోమీటరు దగ్గర మొదలైన ఎక్కుడు, మధ్యలో కాసేపు ఊరించి దిగినా, 31వ కిలోమీటరు దాకా వదలదు. సముద్రమట్టానికి దగ్గరగా మొదలైన దారి సుమారు 250 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడినుంచి ఏథెన్స్‌లోకి దిగుతుంది. ఎక్కుడు పిక్కలను పరీక్షిస్తే దిగుడు తొడ కండరాలను పరీక్షిస్తుంది. అలసిన తొడలతో పది కిలోమీటర్లు దిగడం ఎక్కడంకంటే తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి. చివరికి పనాథెనాయిక్ స్టేడియం. గుర్రపు లాడం ఆకారంలో మూడువైపులా తెల్లని చలువరాతి మెట్లు, మధ్యలో మీరు. 1896లో లూయిస్ చేరుకున్నదీ ఇక్కడికే.

తెలుగు రన్నర్లకు అసలు నిర్ణయం చాలావరకు మన కాలాల దగ్గర తేలుతుంది. మార్చి పరుగుకు సాధన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది, మన దగ్గర పొద్దున్నే ముప్పై కిలోమీటర్లు పరుగెత్తడానికి అంతకంటే మంచి రోజులు లేవు. ఏథెన్స్‌కు జూలై నుంచే మొదలుపెట్టాలి. విశాఖ, విజయవాడల్లో ఆగస్టు ఉక్కపోతలో దూరపు పరుగులంటే చెమటకే సగం ఓపిక కరిగిపోతుంది. హైదరాబాద్‌వారికి ఒక వెసులుబాటు ఉంది: ఆగస్టు చివర్లో జరిగే నగర మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కిదిగినవారికి ఏథెన్స్ దారి మరీ కొత్తగా అనిపించదు. విశాఖలో కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లున్నాయి. కోనసీమలో ఉండేవారికి ఎక్కుడంటే కాలువ వంతెనే కాబట్టి, వారు రోమ్‌కు వెళ్ళడమే విజ్ఞత.

కాగితాల విషయంలో పెద్ద తేడా లేదు. రెండింటికీ, పలు ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాయే. ఇటలీలో మాత్రం ఆరోగ్య ధ్రువపత్రం నిబంధన ఏమిటో పేరు నమోదు చేసుకునేటప్పుడే చూసుకోవాలి. గడువు రోమ్‌లో ఆరున్నర గంటలు, ఏథెన్స్‌లో ఎనిమిది గంటలు. ఎక్కుడు కష్టమే అయినా నెమ్మదిగా పరుగెత్తేవారిని తొందరపెట్టనిది ఏథెన్సే.

నా మాట అడిగితే, జీవితంలో ఒక్కదానికే అవకాశం ఉంటే ఏథెన్స్‌కే ఓటు. రోమ్ అందాలను మరునాడు పొద్దున్న నడుచుకుంటూ, తల ఎత్తుకుని, ఇంకా బాగా చూడవచ్చు. పరుగు వాటికి కలిపేది తక్కువ. మారథాన్ ఊరి నుంచి ఏథెన్స్‌కు వచ్చే దారిని యాత్రికుడెవరూ పనిగట్టుకుని చూడడు, పరుగెత్తినవారికే అది అర్థవంతమవుతుంది. కుటుంబంతో వెళ్ళేవారికి మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. రోమ్ దారి నగరంలోనే మెలికలు తిరుగుతుంది కాబట్టి ఇంటివాళ్ళు మెట్రో ఎక్కి రెండు మూడు చోట్ల మిమ్మల్ని చూడగలరు, మధ్యలో ఊరూ చూసుకోగలరు. ఏథెన్స్‌లో వాళ్ళు స్టేడియం మెట్ల మీద గంటల తరబడి కూర్చోవాలి. పిల్లలు చిన్నవాళ్ళైతే రోమ్ వెళ్ళండి.