పక్షుల ఫొటోలకి వీడియో ఫ్లూయిడ్ హెడ్: శానా కాలం వాడినాక నా రివ్యూ

స్టిల్స్ తీసేవాడివి, నీకు వీడియోవాళ్ల హెడ్ ఎందుకు సామీ అని తిరుపతిలో నాతో కెమెరా పట్టుకుని తిరిగే వాళ్లంతా అడిగినోళ్లే. అడిగినోళ్లలో ఇద్దరు తర్వాత అదే కొన్నారు, అది వేరే సంగతి. హెడ్ అంటే ట్రైపాడ్ పైన కెమెరాని పట్టుకుని తిప్పే భాగం, ఫ్లూయిడ్ హెడ్ అంటే లోపలి జిగట గ్రీజుతో మెత్తగా తిరిగే రకం, ఎక్కువగా వీడియోవాళ్లు వాడేది. నాది 5 కిలోలు మోసే తరగతి హెడ్, ఆ మోడల్ ఇప్పుడు షాపుల్లో రావట్లేదు కాబట్టి పేరు చెప్పినా మీకు పనికిరాదు, అందుకే ఈ రకం హెడ్ స్టిల్స్‌కి ఎట్లా ఉంటాది, కొనేటప్పుడు ఏం చూడాల అనేదే రాస్తా. దాని మీద కూర్చునేది సిగ్మా 150-600 కాంటెంపరరీ, లెన్సే 1930 గ్రాములు, కెమెరా బాడీ, దాన్ని హెడ్‌కి బిగించే ప్లేటు కలుపుకుంటే మూడు కిలోలకి రవ్వంత తక్కువ.

అన్నిటికన్నా ముందు ఇది చెప్పాల. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఇన్ని కిలోలు మోస్తాది అని వేసుంటారే, ఆ నంబర్ చూసి కొనొద్దు. కౌంటర్‌బ్యాలెన్స్ (వంగిన కెమెరా బరువుకి ఎదురు లాగే బలం) ఎంతకి పెట్టినారో చూడండి. మాన్‌ఫ్రోటో 500 హెడ్‌నే చూడండి, 5 కిలోలు మోస్తాది, కౌంటర్‌బ్యాలెన్స్ మాత్రం 2.4 కిలోలకి ఫిక్స్ చేసి ఉంటాది. 502 అయితే 7 కిలోలు, కౌంటర్‌బ్యాలెన్స్ 4. లోపల ఒక స్ప్రింగ్ ఉంటాది, కెమెరా ముందుకి వంగినప్పుడు దాని బరువు కిందికి లాగుతాది, స్ప్రింగ్ అంతే బలంతో వెనక్కి లాగుతాది, రెండూ సరిపోతే చెయ్యి తీసేసినా లెన్సు ఉన్నచోటే నిలబడతాది. మీ సెట్టు స్ప్రింగ్ కన్నా బరువైతే లెన్సు మూతి కిందికి వాలతాది, తేలికైతే తనంతట తనే పైకి లేస్తాది. వీడియో తీసేవాళ్ల చెయ్యి ఎప్పుడూ హ్యాండిల్ మీదే ఉంటాది, కొంచెం తేడా ఉన్నా చేత్తో సర్దుకుంటారు. మనం అట్లా కాదు, హెడ్ వదిలేసి షట్టర్ స్పీడ్ మారుస్తాం, నీళ్లు తాగుతాం, ఫోన్ వస్తే ఎత్తుతాం, తిరిగి చూసేసరికి పక్షి ఫ్రేములోనే ఉండాల. అందుకే ఈ నంబర్ వీడియోవాళ్ల కన్నా మనకే ఎక్కువ అవసరం అంటా నేను. ఇంకోటి, బరువొక్కటే లెక్క కాదు, లెన్సు కాలు (లెన్సు కింద ప్లేటుకి బిగించే పాదం) పొడుగ్గా ఉండి కెమెరా బాగా ఎత్తులో కూర్చుంటే అదే బరువు ఎక్కువ బరువు మాదిరి లాగుతాది. డబ్బులు ఉంటే మాన్‌ఫ్రోటో నైట్రోటెక్ ఎన్8 లాంటివి ఉన్నాయి, వాటిల్లో సున్నా నుంచి 8 కిలోల దాకా నాబ్ తిప్పుకుని సరిపెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు సుఖం గురించి. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) కడప అనే రకం చెట్ల మీద గూళ్లు పెడతాయి, చలికాలం అంతా నీళ్ల మీద నుంచి వచ్చి చెట్టు మీద దిగతా ఉంటాయి, పెద్ద పక్షి కదా, నిదానంగా, దాదాపు ఒకే లైన్లో వస్తాది. బాల్ హెడ్‌తో (గుండు మీద అన్ని వైపులకీ తిరిగే మామూలు హెడ్) దాన్ని పట్టాలంటే నాబ్ వదులు చేస్తే లెన్సు పక్కకి ఒరుగుతాది, బిగిస్తే కదలదు, బలంగా తోస్తే ఒక్కసారి జారి దూకుతాది, ఆ దూకుడులో పక్షి ఫ్రేము బయటికి పోతాది. ఫ్లూయిడ్ హెడ్‌లో లోపల రేకుల మధ్య జిగటగా ఉండే గ్రీజు ఉంటాది కాబట్టి మొదలుపెట్టేటప్పుడు ఎంత తోపు కావాలో కదులుతా ఉన్నప్పుడు కూడా ఇంచుమించు అంతే చాలు, వేగంగా తోస్తే ఎక్కువ ఎదురు నిలుస్తాది, నిదానంగా తోస్తే మెత్తగా పోతాది. గూడబాతు రెక్క విప్పి దిగే ఆ కొన్ని సెకన్లూ పక్షి తల మీదే ఫోకస్ పాయింట్ పెట్టి పోనివ్వచ్చు. పులికాట్‌లో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పక్కన, ఫ్లెమింగోలు వరసగా ఎగిరేటప్పుడు 1/60 సెకను షట్టర్‌లో పాన్ చేస్తే (పక్షి వెంబడే కెమెరాని అడ్డంగా తిప్పుతా తీస్తే) వెనకాల నీళ్లన్నీ గీతలై పక్షి మాత్రం నిలబడతాది, లెన్సు స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) మోడ్ 2 లో పెట్టుకోవాల, అది పైకీ కిందికీ వచ్చే ఊపునే సరిచేస్తాది, పాన్‌కి అడ్డం పడదు.

గింబల్ హెడ్ (పెద్ద లెన్సుని ఉయ్యాల మాదిరి తూకంగా మోసే హెడ్) కొనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, తల పైన అటూ ఇటూ గిరికీలు కొట్టే పక్షులకి గింబలే రాజు, పాలపిట్టకి ఫ్లూయిడ్ హెడ్ అందుకోలేదు. అయితే గింబల్ చిన్న లెన్సుకి పనికిరాదు, బ్యాగులో సగం తింటాది. ఎప్పుడన్నా రవ్వంత వీడియో కూడా తీసే నాలాంటోడికి ఫ్లూయిడ్ హెడ్డే మేలు.

పులికాట్‌లోనే దీని లోపం కూడా తెలుస్తాది. ఈ హెడ్‌కి పక్కకి వంచే వీలు లేదు, పాను (అడ్డంగా తిప్పడం), టిల్టు (పైకీ కిందికీ వంచడం) రెండే. ట్రైపాడ్ లెవెల్‌గా లేకపోతే పాన్ చేసే కొద్దీ నీటి గీత ఒక పక్కకి జారిపోతా ఉంటాది, బురద గట్టు మీద మూడు కాళ్లూ పొడుగు పొట్టి చేసుకుంటా కూర్చోవాల, ఈలోగా పక్షులు పోతాయి. కాబట్టి కింద 75 ఎంఎం బౌల్ (హెడ్‌ని ఎటైనా వంచి లెవెల్ చేసుకునే గిన్నె) ఉన్న ట్రైపాడ్ గానీ, మామూలు ట్రైపాడ్ అయితే లెవెలింగ్ బేస్ గానీ ఉండాల్సిందే. హెడ్ ఖర్చు లెక్కేసేటప్పుడు దీన్ని కూడా కలిపే లెక్కేయండి.

నిలువు ఫొటోలు? కాలర్ (లెన్సు చుట్టూ పట్టే రింగు) ఉన్న లెన్సుకి బాధ లేదు, కాలర్ వదులు చేసి లెన్సు తిప్పేస్తే అయిపోయె. కాలర్ లేని చిన్న లెన్సుతో గోవిందరాజస్వామి గుడి గోపురం నిలువుగా తియ్యాలంటే మాత్రం ఎల్-బ్రాకెట్ (కెమెరాని నిలువుగా కూడా బిగించే ఎల్ ఆకారపు పట్టీ) కావాల. అక్కడ కూడా తిరకాసు ఉండాది: వీడియో ప్లేటు ముందుకీ వెనక్కీ జరుగుతాది, లెన్సు కాలుకి అది సరిపోతాది, బ్రాకెట్టుకి పట్టు అడ్డంగా ఉండాల. కాబట్టి పైన పెట్టే ఆర్కా క్లాంప్ (బ్రాకెట్టుని పట్టుకునే బిగింపు) తొంభై డిగ్రీలు తిప్పి బిగించేలా ఉందో లేదో చూసుకోండి. ప్లేటు మీద చిన్న పిన్ను ఒకటి లేచి ఉంటాది, వీడియో కెమెరాల కోసం పెట్టింది, స్టిల్ కెమెరాకి ఆ బొక్క ఉండదు కాబట్టి పిన్ను తీసెయ్యాల. లెన్సు కాలుకి రెండు బొక్కలుంటే రెండు స్క్రూలూ వెయ్యండి, ఒక్క స్క్రూతో పొడుగు లెన్సు మెల్లిగా తిరిగిపోతాది.

తలకోన జలపాతం దగ్గర నీళ్లు పాలమాదిరి రావాలని సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజర్ పెట్టినప్పుడు ఈ హెడ్ నాకు నచ్చదు. పొడుగు హ్యాండిల్ గాలికి ఊగతాది, ఆ వణుకు కెమెరాకి ఎక్కతాది. అంతగా వాడాల్సి వస్తే హ్యాండిల్ ఊడదీసి టిల్ట్ లాక్ చేసి టైమర్ పెట్టి తియ్యండి. నేనైతే కొండెక్కే రోజు చిన్న బాల్ హెడ్డే తీసుకపోతా, కిలో బరువు తగ్గినా తగ్గినట్టే.

షాపులో రెండు పనులు చెయ్యకుండా డబ్బులు కట్టొద్దు. ఒకటి, హ్యాండిల్‌కి రబ్బర్ బ్యాండ్ తగిలించి దాన్ని పట్టుకుని పాన్ లాగండి. బ్యాండు ఒకే సాగుడుతో హెడ్ మెత్తగా వస్తే అసలు ఫ్లూయిడ్, బ్యాండు సాగి సాగి హెడ్ గబుక్కున దూకితే పేరుకే ఫ్లూయిడ్, లోపల ఉండేది వట్టి రాపిడే. రెండోది మనకి ఇంకా ముఖ్యం: మీ పెద్ద లెన్సు తీసుకపోయి పెట్టి, దూరంగా ఉన్న బోర్డు మీద ఒక అక్షరాన్ని నడిమధ్యలో పెట్టుకుని చెయ్యి వదలండి. చౌక హెడ్లు రవ్వంత వెనక్కి తిరుగుతాయి. 600 ఎంఎంలో ఫుల్ ఫ్రేమ్ మీద మూలకి మూల చూసినా కనిపించేది 4 డిగ్రీలే, అందులో ఆ రవ్వంతే పక్షి తోకని కోసేస్తాది. టిల్ట్ లాక్ బిగించేటప్పుడు కూడా అక్షరం కదులుతుందేమో గమనించండి. షాపు అతను విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఎండాకాలం మధ్యాహ్నం మన ఎండకి లోపలి గ్రీజు పలచబడి డ్రాగ్ (తిప్పేటప్పుడు హెడ్ ఎదురు నిలిచే బలం) వదులైనట్టు అనిపిస్తాది, డిసెంబర్ తెల్లవారుజామున హార్స్లీ హిల్స్‌లో అదే నాబ్ గట్టిగా ఉంటాది, హెడ్ పాడైందని కంగారు పడొద్దు, డ్రాగ్ నాబ్ తిప్పుకుంటే సరి. పులికాట్ ఉప్పుగాలికి వాడినాక తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. గట్టిగా తిరుగుతోందని మాత్రం నూనె, స్ప్రే ఏదీ లోపలికి కొట్టొద్దు, ఉండే గ్రీజు కూడా కొట్టుకుపోతాది.