చిలుము పట్టిన కెమెరా వైరు: కడగాలా, అతకాలా, మార్చాలా?

పాత ఫిల్మ్ కెమెరా బ్యాటరీ అర మూత తీయగానే తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే చాలామంది చేసే పని ఒకటే. దూదిపుల్లతో వెనిగర్ రాసి, కాంటాక్ట్ (బ్యాటరీ ఆనే లోహపు రేకు) మెరిసేదాకా రుద్ది, కొత్త బ్యాటరీ వేస్తారు. దీపం వెలిగితే రిపేరు అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎలక్ట్రానిక్ షట్టరు ఉన్న రేంజ్‌ఫైండర్ కెమెరా ఒకటి కడిగి, రెండు రోళ్లు బాగానే తీశాను. మూడో రోలులో ఇంట్లో తీసిన ఫోటోలన్నీ చీకటిగా వచ్చాయి. కెమెరా టాప్ కవర్ విప్పి చూస్తే కాంటాక్ట్ తళతళలాడుతోంది, దాని వెనక వైరు మాత్రం తొడుగు లోపల నల్లబడి ఉంది.

ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది తెల్లటి కార్బొనేట్ పొడిగా మారుతుంది. రాగిని తిన్నచోట పచ్చటి చిలుము వస్తుంది. కెమెరా వైర్లలో చాలావరకు సన్నటి పోగులు పేనినవే కాబట్టి, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ ద్రవం పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది. బయట తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి నల్లబడుతుంది. మనం కడిగేది కొస మాత్రమే.

అందుకని నా లెక్కలో కడగడం కాంటాక్టుకు సరిపోతుంది, వైరుకు సరిపోదు. కారింది క్షారం కాబట్టి వెనిగర్ దాన్ని విరుస్తుంది. దూదిపుల్లను కాస్త తడిపి రాయాలి తప్ప అరలో పోయకూడదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్ మిగిలిపోతే అదే రాగిని మళ్లీ తింటుంది. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే కాంటాక్ట్ మీది నికెల్ పూత పోయి, అక్కడ చిలుము ఇంకా త్వరగా పడుతుంది. పెన్సిల్ రబ్బరు చాలు.

రెండో దారి అతకడం, అంటే పాడైన కొస కత్తిరించి మంచి రాగి దగ్గర కొత్త ముక్క కలపడం. టాప్ కవర్ మొత్తం విప్పే పని తప్పుతుంది కాబట్టి ఇది మనసును బాగా లాగుతుంది. కానీ మంచి రాగి ఎక్కడ మొదలవుతుందో ఎలా తెలుస్తుంది? తొడుగు కొద్దికొద్దిగా ఒలుస్తూ వెళ్లాలి. నల్లబడిన రాగి మీద సోల్డర్ (వైర్లు అతికే, కరిగే లోహం) పరుచుకోదు, గోళీలా గుండ్రబడి జారిపోతుంది. సోల్డర్ తడిలా పాకి పట్టుకున్న చోటే మంచి రాగి. అది ఒకట్రెండు సెంటీమీటర్లలో దొరికితే, అవతలి కొస చేరడం నిజంగా కష్టమైతే, అతుకు తప్పు కాదు. కాకపోతే అతుకు లావుగా ఉంటుంది, హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేస్తే ఇంకా లావు. కెమెరా లోపల వైరు పోయే సందు చాలా ఇరుకు. అతుకు లీవరుకో గేరుకో అడ్డం పడితే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

నేను మొగ్గేది మూడోదానికే. పాత వైరు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తీసేసి కొత్తది వేయడం. 28 లేదా 30 గేజ్ వైరు, వీలైతే టెఫ్లాన్ తొడుగు ఉన్నది వాడితే సోల్డరింగ్ ఐరన్ వేడికి తొడుగు కరగదు. రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ పట్టేలా రాగిని శుభ్రం చేసే జిగురు) ఉన్న 63/37 సోల్డర్, అంటే 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్నది, 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైపులు అతికే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి కూడా రానివ్వకండి. విప్పేముందు ప్రతి దశకూ ఫోటో తీయండి, పాత వైరు దారినే కొత్తది పోనివ్వండి, కొంచెం వదులు ఉంచండి. కెమెరాలోనే ఫ్లాష్ ఉంటే దానికి కరెంటు నిలవచేసే కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే కవర్ విప్పొద్దు.

మల్టీమీటర్ బీప్ కొట్టిందని వైరు బాగున్నట్టు కాదు. ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. బ్యాటరీ చెక్ బటన్ నొక్కి ఉంచి, వైరు రెండు కొసల మధ్య వోల్టేజ్ కొలవండి. మంచి వైరులో అది ఒకట్రెండు మిల్లీవోల్టులు దాటదు.

కెమెరా రకాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. ఉదాహరణకి వైరులో 100 ఓమ్‌ల అడ్డు పెరిగిందనుకోండి. 0.1 మిల్లీఆంపియర్ లాగే, వెలుతురు కొలిచే ముల్లు మీటరుకు పోయేది 0.01 వోల్టు, మీటరు పట్టించుకోదు. అదే 20 మిల్లీఆంపియర్లు లాగే షట్టరు అయస్కాంతానికి 2 వోల్టులు పోతాయి. యాషికా ఎలక్ట్రో 35 లాంటివాటిలో కరెంటు అందకపోతే షట్టరు 1/500 సెకనులోనే మూసుకుంటుంది, నీడలో తీసిన ఫోటో నల్లబడుతుంది. అలాంటి కెమెరాకు పూర్తి వైరు మార్చడం తప్ప నేను వేరే సలహా ఇవ్వను.

పెంటాక్స్ స్పాట్‌మాటిక్, మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101, ఒలింపస్ ఓఎం-1 సంగతి వేరు. వాటి షట్టర్లకు బ్యాటరీతో పనే లేదు, మీటరుకే కావాలి. చేతి మీటరు ఉంటే వైరు ముట్టుకోకుండా వదిలేసినా ఫోటోలు ఆగవు. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్లకు ఇదే సరైన దారని నా నమ్మకం. చేయి తిరిగాక విప్పొచ్చు. అప్పటిదాకా అరను మాత్రం శుభ్రం చేసి ఖాళీగా ఉంచండి.

1976లో వచ్చిన కానన్ ఏఈ-1 లాంటివాటిలో వైర్లకు బదులు చాలాచోట్ల ఫ్లెక్సిబుల్ సర్క్యూట్ (రాగి గీతలు అచ్చయిన, వంగే పలుచటి ప్లాస్టిక్ పట్టీ) ఉంటుంది. ఆ సన్నటి రాగి గీత తెగితే మార్చడానికి విడి ముక్క దొరకదు, ఎనామిల్ పూత ఉన్న తీగతో వంతెన వేయాల్సిందే. ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఆనితే గీత ఊడి చేతికొస్తుంది. ఈ ఒక్కచోట నేను కూడా అతుకునే ఎంచుకుంటాను, అదీ పనికిరాని సర్క్యూట్ బోర్డు మీద కొన్నిసార్లు చేసి చూశాకే.