బెంగళూరు డాబా మీద ఏది: తేనెటీగల పెట్టెనా, లేక ఒంటరి ఈగలకు వెదురు గూడా?

ఖర్చు: పెట్టె, ఈగలు, పొగడబ్బా, ముఖానికి వల కొనాలి. ఒంటరి ఈగలంటే పట్టు పెట్టకుండా, ఒక్కొక్కటీ విడిగా గూడు కట్టుకునే తేనెటీగల బంధువులు; వాటి గూటికి ఎండు వెదురు, రంపం, తీగ చాలు.

పెట్టెతో పని: వారం పది రోజులకోసారి తెరిచి చూడాలి. కాళ్ల కింద నీటి గిన్నెలు లేకపోతే చీమలు ఎక్కుతాయి. వానల్లో పూత తగ్గితే చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపి సాయంత్రం పెట్టె లోపలే పెట్టాలి. బయట పెడితే పక్క పట్టు ఈగలు దోపిడీకి దిగుతాయి. తిండి చాలకపోతే మన నాటు తేనెటీగలు (సెరానా జాతి) పెట్టె వదిలి వెళ్లిపోతాయి.

గూటితో పని: ఒక్కో వెదురు గొట్టానికి 6–10 మిల్లీమీటర్ల రంధ్రం, 15 సెంటీమీటర్ల లోతు, వెనక కణుపుతో మూసి ఉండాలి. లోపల పీచు ఉంటే రెక్కలు చిరుగుతాయి, గరుకు కాగితంతో నునుపు చేయండి. తూర్పు ముఖంగా, వాన తగలకుండా, ఊగకుండా బిగించండి. ఈగలు వెళ్లిపోయిన గొట్టాలు మార్చేయాలి, లేదంటే బూజు, నల్లి జాతి సన్న పురుగులు (మైట్లు) చేరతాయి. గులాబీ ఆకు అంచున గుండ్రటి కోతలు కనిపిస్తే ఒంటరి ఈగల్లో ఒకటైన ఆకుకోత ఈగ వచ్చినట్టే. దయచేసి మందు కొట్టకండి.

ముప్పు: పెట్టె కదిలితే గుంపుగా కుడతాయి. ఒంటరి ఈగలు చేత్తో నొక్కితే తప్ప కుట్టవు.

టమాటా, వంకాయ పువ్వును అదిరిస్తేనే పుప్పొడి బాగా రాలుతుంది. ఆ పని తుమ్మెదలు, నీలిచారల ఈగలు చేస్తాయి; తేనెటీగలకు రాదు.

చుట్టూ కానుగ, వేప చెట్లు దండిగా ఉండి, పక్కింటివాళ్లు ఒప్పుకుంటే ఒక్క పెట్టె పెట్టండి. పూలు తక్కువైతే పెట్టె వద్దు, ఒంటరి ఈగల తిండి తగ్గుతుంది. అపార్ట్‌మెంటు బాల్కనీకైతే గూడే.