‘ఎకానమీ’ అన్న మాట చూసి డబ్బు కట్టకండి: విమాన టికెట్టులోని బుకింగ్ క్లాస్ అక్షరం గురించి ఒక హెచ్చరిక

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళివచ్చే మన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. టికెట్లు మాత్రం మనలో ఎక్కువమంది ఇంట్లో కూర్చుని ఫోనులోనే కొంటున్నారు. అలా కొన్న టికెట్ల మీద మేము అరవై వేల రూపాయల దాకా నష్టపోయాము. ఏ తప్పు వల్ల ఆ నష్టం వచ్చిందో తెలిసేసరికి ఆలస్యమైపోయింది కాబట్టి, మీకైనా ముందుగా తెలియాలని దీనిని వివరంగా రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర ఉంటుంది. ఆమె పురిటికి నేనూ మా ఇంటావిడా వెళ్ళడానికి 2024 ఫిబ్రవరిలో టికెట్లు కొన్నాము. మే నెలలో హైదరాబాదు నుంచి గల్ఫులో ఒక మజిలీతో వెళ్ళి, ఆగస్టు 11న తిరిగి రావాలన్నది మా ఏర్పాటు. ఎన్నో సంస్థల టికెట్లను ఒకేచోట అమ్మే ఒక వెబ్‌సైటులో మనిషికి 71,350 రూపాయల చొప్పున రానూపోనూ టికెట్టు దొరికింది. ఆ పేజీలో పైన ‘ఎకానమీ’ అని, దాని పక్కనే ఆకుపచ్చ అక్షరాలలో ‘తేదీ మార్చుకోవచ్చు’ అని స్పష్టంగా ఉన్నాయి. పురుడు అన్నాక తిరిగివచ్చే తేదీ మన చేతిలో ఉండదు గనుక, ఇంకొక చోట నాలుగు వేలు తక్కువకే దొరుకుతున్నా, ఆ ఆకుపచ్చ మాటను నమ్మి ఇక్కడే డబ్బు కట్టాను.

మనవడు పుట్టాడు. జులై చివరలో వాడికి ఒక చిన్న శస్త్రచికిత్స అవసరమని డాక్టర్లు చెప్పడంతో, మేము మరో మూడు వారాలు అక్కడ ఉండక తప్పలేదు. మా అమ్మాయి విమాన సంస్థకు ఫోను చేసి తేదీ మార్చమని అడిగితే, తిరుగు ప్రయాణపు క్లాసుకు మార్పు వర్తించదని, కావాలంటే రద్దు చేసుకోవచ్చని, అప్పుడు పన్నులు తప్ప మరేమీ తిరిగి రాదని వాళ్ళు చెప్పారు. వెబ్‌సైటు వాళ్ళను అడిగితే ‘టికెట్టు కొన్నప్పుడు నియమాలను అంగీకరించారు కదా’ అన్నారు. చివరకు మనిషికి 39,800 రూపాయలు పెట్టి కొత్తగా ఒకవైపు టికెట్లు కొనుక్కుని వచ్చాము. పాత టికెట్ల తిరుగు ప్రయాణానికి కట్టిన పన్నులలో, వెబ్‌సైటు వాళ్ళు తమ సేవా రుసుము పట్టుకోగా, మనిషికి తొమ్మిది వేల పైచిలుకు మాత్రం వెనక్కి వచ్చింది. ఇవైనా వాటంతట అవి రాలేదు, మా అమ్మాయి మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాక వచ్చాయి.

సెప్టెంబరులో బరంపురం వచ్చాక, పెద్దబజారులో టికెట్ల దుకాణం నడుపుతున్న ఒక అబ్బాయి దగ్గరికి ఆ ఈ-టికెట్టు కాగితం తీసుకుని వెళ్ళాను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. కాగితం చూడగానే పెన్సిలు తీసి రెండుచోట్ల సున్నా చుట్టాడు. “మాస్టారూ, ఇది చూశారా? వెళ్ళేటప్పుడు ‘ఎమ్’, వచ్చేటప్పుడు ‘టి’. తేదీ మార్పు ఆ ‘ఎమ్’కి ఉంది, ఈ ‘టి’కి లేదు. వాళ్ళు మీకు మొదటిదాని నియమం మాత్రం చూపించారు” అన్నాడు. తేదీకీ విమానం నంబరుకూ మధ్య, ఆవగింజంత అచ్చులో, ఒంటరిగా ఒక ఇంగ్లీషు అక్షరం ఉంది. అదే కాగితాన్ని ఏడు నెలల పాటు సంచిలో పెట్టుకుని తిరిగాను, విమానాశ్రయంలో నాలుగుసార్లు చూపించాను, ఆ అక్షరం అర్థమేమిటని ఒక్కసారీ అడగలేదు.

ఆ అబ్బాయి చెప్పినదాన్నీ, తరువాత నేను స్వయంగా చదివి సరిచూసుకున్నదాన్నీ ఇక్కడ పెడుతున్నాను. విమానంలో ఎకానమీ గది ఒక్కటే, సీట్లూ భోజనమూ సాధారణంగా అందరికీ ఒకటే; కానీ ఆ గదిలోని సీట్లను విమాన సంస్థ లెక్కల కోసం పదికి పైగా అరలుగా విభజించి ఒక్కొక్క అరకు ఒక్కొక్క అక్షరం పెట్టవచ్చు. దాన్నే బుకింగ్ క్లాస్ అంటారు, కొందరు ఫేర్ క్లాస్ అంటారు, టికెట్ల పని చేసేవాళ్ళు ఆర్‌బీడీ అంటారు. సాధారణంగా ‘వై’ అంటే పూర్తి ధర ఎకానమీ, ‘జె’ లేదా ‘సి’ అంటే బిజినెస్, ‘ఎఫ్’ అంటే ఫస్ట్. మిగిలిన అక్షరాల అర్థం ఏ సంస్థకు ఆ సంస్థే నిర్ణయించుకుంటుంది కాబట్టి, ఒకచోట బాగా నడిచిన ‘ఎమ్’ మరొకచోట అలాగే ఉంటుందని అనుకోకూడదు. చవక అరలో సీట్లు అయిపోయినా, ఇక ముందు ఎక్కువ ధరకే అమ్ముడుపోతాయని కంప్యూటరు అంచనా వేసినా, ఆ అర మూతపడి పై అర ధర మనకు కనిపిస్తుంది. నిన్న చూసిన ధర ఇవాళ లేకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దుకాణాలలో అమడియస్, గెలీలియో వంటి వ్యవస్థల తెర మీద ఈ అరలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ అబ్బాయి నాకు ఒక విమానం తీసి చూపించాడు. ‘వై9 బి9 ఎమ్6 కె2 టి0’ అన్నట్లుగా ఉంటుంది ఆ వరుస. అక్షరం పక్కన ఉన్నది ఆ అరలో ఇప్పుడు అమ్మడానికి ఉన్న సీట్ల సంఖ్య. 9 అంటే తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ. సున్నా అంటే ఆ అర మూతపడింది. మన ఫోనులో కనిపించే పేజీ ఈ వరుసనంతా దాచేసి, ఒక ధరనూ ‘ఎకానమీ’ అన్న ఒక మాటనూ మాత్రం మనకు చూపిస్తుంది.

అయితే అక్షరం ఒక్కటి తెలిస్తే చాలదు. ఒకే అక్షరం కింద కూడా వేరువేరు నియమాలున్న ధరలు ఉంటాయి. అసలు నియమమంతా ఫేర్ బేసిస్ అనే పొడుగాటి కోడులో ఉంటుంది. అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ కోడులో మొదటి అక్షరం సాధారణంగా బుకింగ్ క్లాసుదే. తేదీ మార్పు, రద్దు, ఎంత ముందుగా కొనాలి, ఎన్ని రోజులు ఉండవచ్చు అన్నవన్నీ ఆ కోడుకు కట్టుబడి ఉంటాయి. ఇంకొక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రెండువైపులా రెండు వేరువేరు ధరలను కలిపి ఒకే టికెట్టు చేసినప్పుడు, చాలా సంస్థలు వాటిలో కఠినమైన నియమాన్నే టికెట్టు మొత్తానికి వర్తింపజేస్తాయి. అంటే మేము బయలుదేరకముందే మార్పు కోరినా మాకు ‘టి’ నియమమే అడ్డం వచ్చేదేమో. మార్పుకు అనుమతి ఉన్న క్లాసు అయినా సరే, కొత్త తేదీన అదే అర తెరిచి లేకపోతే రుసుముతో పాటు ధరలోని తేడా కూడా కట్టాలి. ‘తేదీ మార్పు ఉచితం’ అన్న మాట రుసుముకే వర్తిస్తుందని, తేడాకు వర్తించదని గుర్తుంచుకోండి.

డబ్బు కట్టక ముందు ఈ అక్షరం ఎక్కడ చూడాలన్నది అసలు ప్రశ్న. అమ్మే పేజీలో ‘ఫేర్ రూల్స్’ లేదా ‘ఫేర్ డీటెయిల్స్’ అన్న చిన్న లంకె ఉంటే, దాన్ని తెరిచి, రెండువైపుల ప్రయాణాలకూ విడివిడిగా చదవండి. మేము పైది మాత్రం చదివి ఆగిపోయాము. చాలా విమాన సంస్థల సొంత వెబ్‌సైట్లలో ప్రయాణ వివరాలు విప్పి చూస్తే క్లాసు అక్షరం కనిపిస్తుంది. ఇవి రెండూ కుదరకపోతే మ్యాట్రిక్స్ అనే ఉచిత వెబ్‌సైటు ఒకటి ఉంది. ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే అమెరికా సంస్థ దాన్ని తయారుచేయగా, 2011లో గూగుల్ ఆ సంస్థను కొనేసింది. అందులో టికెట్లు అమ్మరు కాబట్టి మనల్ని తొందరపెట్టే పని ఉండదు. ఊరూ తేదీ ఇచ్చి వెతికితే, ఏ విమానానికి ఏ బుకింగ్ కోడుతో ధర కట్టారో, ఫేర్ బేసిస్ ఏమిటో, పన్నులెంతో విడివిడిగా చూపిస్తుంది. అందులో వచ్చిన అక్షరమూ అమ్మేవాళ్ళు చెప్పే అక్షరమూ ఒకటేనా కాదా అని పోల్చుకోండి. ఏ పేజీలోనూ అక్షరం దొరకకపోతే ఫోను చేసి అడగండి. చెప్పనివాళ్ళ దగ్గర కొనవద్దని నా గట్టి అభిప్రాయం. ఈ నియమాలన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో, తెలుగూ ఒడియా మాత్రం చదివే మన పెద్దవాళ్ళకు అందని భాషలో ఉంటాయి. అందుకని ఇంట్లో పిల్లలెవరైనా పక్కన కూర్చుని చదివి పెట్టడం చాలా అవసరం.

పర్లాకిమిడిలో ఉన్న మా వియ్యంకులు విశాఖపట్నం నుంచి ఢిల్లీకి ఐదుగురికి టికెట్లు చూస్తుంటే మనిషికి 6,870 రూపాయలు చూపించింది. ఈసారి నేను పక్కనే ఉన్నాను. నలుగురికని వెతికించి చూస్తే మనిషికి 5,940 మాత్రమే. చవక అరలో నాలుగే సీట్లు మిగిలి ఉన్నాయి, ఐదుగురిని కలిపి అడిగినప్పుడు చాలా వ్యవస్థలు అందరికీ ఒకే అరలో ధర కడతాయి, అందుకని ఐదుగురూ పై అరకు వెళ్ళిపోయారు. నలుగురికి ఒక పీఎన్‌ఆర్, మా బావగారికి వేరే పీఎన్‌ఆర్ తీసుకుంటే 3,720 రూపాయలు మిగిలాయి. కానీ పీఎన్‌ఆర్‌లు వేరైతే విమానం రద్దయినప్పుడు వేరువేరు విమానాలలో వేసే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నచోట ఈ పని చేయకపోవడమే మంచిది. తరచూ ప్రయాణించేవాళ్ళకు విమాన సంస్థలు ఇచ్చే మైళ్ళు కూడబెట్టుకునే వాళ్ళు కూడా అక్షరం చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని చవక క్లాసులకు మైళ్ళు తగ్గుతాయి, కొన్నిటికి అసలు రావు.

కొన్న రోజునే ఈ-టికెట్టు తెరిచి చూడండి. మేము కొన్న 2024 నాటికి, మన దేశపు విమాన సంస్థ వెబ్‌సైటులోనే నేరుగా కొని, ప్రయాణానికి కనీసం ఏడు రోజుల వ్యవధి ఉంటే, 24 గంటల లోపల రుసుము లేకుండా రద్దు చేసుకునే లేదా మార్చుకునే వీలు, మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలలో ఉండేది. విదేశీ సంస్థల వాపసులకు వాటి దేశపు నియమాలే వర్తిస్తాయి, పైగా మేము కొన్నది మధ్యవర్తి దగ్గర. అందుచేత ఆ రక్షణ మాకు ఏ విధంగానూ అందేది కాదు. మీరు కొనే రోజున ఆ నిబంధన ఎలా ఉందో డీజీసీఏ వెబ్‌సైటులో చూసుకోండి.

ఇలా మోసపోయినవాళ్ళు ఊరుకోవద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే వేదిక ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. విమాన సంస్థల మీద ఫిర్యాదులకు కేంద్ర పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా వెబ్‌సైటు ఉంది. కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించే పేజీల పద్ధతులు 13 రకాలని చెప్పి, వాటిని నిషేధిస్తూ 2023 నవంబరు 30న కేంద్రం మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. ఎక్కడో బెంగళూరులోనో ముంబయిలోనో ఉన్న కంపెనీ మీద ఏమి పోరాడతాములే అని మనవాళ్ళు వెనక్కి తగ్గుతున్నారు. ఆ దూరం ఇప్పుడు అడ్డు కాదు.

నా ఫిర్యాదుకు వెబ్‌సైటు వాళ్ళు కొన్నప్పుడు తీసుకున్న కన్వీనియెన్స్ ఫీజు మాత్రం వెనక్కి ఇచ్చారు. మిగిలినదానికి, ఆకుపచ్చ అక్షరాల పేజీ ఫొటో మా దగ్గర లేదు కాబట్టి మా మాటను ఒప్పుకోలేమన్నారు. ఆ పేజీని అప్పుడు దాచుకోకపోవడం వల్ల మా వాదన సగం బలహీనపడింది. మీరు డబ్బు కట్టే ముందు ధర, నియమాలు, రెండువైపుల అక్షరాలు కనిపించేలా ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఇంట్లో మరొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి. వచ్చే వేసవికి మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని బరంపురం రావాలనుకుంటోంది. ఆమె నిన్న పంపిన టికెట్టు వివరాలలో వెళ్ళడానికి ‘కె’, రావడానికి ‘కె’ అని ఉంది. ఆ రెండింటి ఫేర్ బేసిస్ కోడులూ పంపమని, అవి వచ్చి చదివేదాకా డబ్బు కట్టవద్దని రాశాను.