నెల్లూరు బైపాస్ పక్కన పాత ఇటుకల డిపో: మూడు స్టార్లు, అదీ ఇటుకల మొహం చూసి

ఇందుకూరుపేట దగ్గర మా తాత కట్టిన మిద్దె, గోడలన్నీ సున్నంతో కట్టిన పల్చ ఇటుకలు. పదేళ్ల కింద మా నాయన బాగుచేద్దామని బయట సిమెంట్ పూయించాడు, ఇంక ఆడినుంచి మొదలైంది, గోడలో తేమ బయటికి పోయే దారి లేక ఉప్పు లేచి, పూతతో పాటు ఇటుక మొహం కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చేసింది (మైపాడు సముద్రం దగ్గరే, ఉప్పు గాలికి కొదవ లేదు). కొత్త ఇటుక వద్దు సార్, పాతది మెత్తన కొత్తది గట్టి, రెండూ కలవవు అన్నాడు మేస్త్రీ. అందుకే పాత ఇళ్లు కూల్చిన సామాను అమ్మే ఈ డిపోకి పోయినా, పేరు రాయనులే.

ఇటుక 6 రూపాయలు, వెయ్యి తీసుకున్నా. "పాత కాలం ఇటుకన్నా, ఇనుము మాదిరి ఉంటది" అన్నాడు ఓనరు. ఇనుము మాదిరి ఉంటే నాకెందుకబ్బా, నాకు కావాల్సింది మెత్తంది కదా!

ఇంటికొచ్చినాక రెండు ఇటుకలు నాలుగు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, కాటా వేసి, 24 గంటలు బకెట్లో నానబెట్టా. ఎర్రగా కాలింది 2 కిలోల 600 గ్రాములది 3 కిలోల 50 అయింది, అంటే 17 శాతం దాకా నీళ్లు తాగింది, మామూలు ఇటుకకి ఐఎస్ 1077లో (మట్టి ఇటుకలకి మన దేశ ప్రమాణం) 20 శాతం దాటకూడదని ఉంది కాబట్టి ఓకే. పాలిపోయిన రంగుది మాత్రం 2 కిలోల 400 నుంచి 3 కిలోలకి పోయింది, 25 శాతం! గోరుతో గీస్తే గీత పడింది. పాత బట్టీల్లో అంతే, మంట దగ్గరున్నవి బాగా కాల్తాయి, అంచుల్లోవి పచ్చిగా మిగుల్తాయి.

అసలు మంట ఏందంటే, ఓ రెండొందలు సిమెంట్ అంటుకున్నవి కలిపేశారు. సున్నమైతే తాపీతో ఒక దెబ్బ, బిళ్లలాగా ఊడొస్తది, సిమెంట్ అయితే ఇటుక చర్మం కూడా పీక్కొస్తది. ఫోన్ చేస్తే "కూలోళ్లు ఎత్తారన్నా, నేను చూళ్లా" అన్నాడు, వాపసు తీసుకోలా.

పోయేవాళ్లు లోడ్ ఎత్తేటప్పుడు ఆడే నిలబడండి, రెండు ఇటుకలు కొట్టి ఖంగుమన్నవే వేయించుకోండి (మెత్తంది అంటే పచ్చిది కాదు, బాగా కాలిందే కావాల), మందాలు ఒకటికొకటి కలవవు, ఆ తేడా సున్నం సందులో సర్దుకుంటది. మిగతావి మా గోడలో బాగా కుదిరినాయి. పచ్చివాటితో మా అమ్మ కరేపాకు చెట్టుకి పాది కట్టింది, మొన్నటి వానకే అంచులు కరిగినాయి.