ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌ని పొద్దున్నే చూడండి

ప్రాగ్‌లో అమ్మా నేనూ నాలుగు రాత్రులున్నాం. మొదటి రెండూ స్క్వేర్ పక్క సందులో. కిటికీ తీస్తే టీన్ చర్చి జంట గోపురాలు కనిపించేవి, ఆ మాట నిజమే. కానీ రాత్రి రెండింటి దాకా కింద పాటలు, కేకలు. అమ్మకి కంటిమీద కునుకు లేదు. మూడో రోజు వినోహ్రాడీ అనే పేటకి మారిపోయాం. గది పెద్దది, వీధి ప్రశాంతం, స్క్వేర్ దగ్గరి స్టేషన్‌కి మెట్రో ఎ లైన్‌లో మూడు స్టాపులే. మళ్లీ వెళ్తే నాలుగు రాత్రులూ అక్కడే ఉంటాం.

స్క్వేర్‌లోని టౌన్ హాల్ గోడకున్న ఖగోళ గడియారం 1410 నాటిది. గంట గంటకీ చిన్న కిటికీలు తెరుచుకుని అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరసగా కనబడతాయి, అస్థిపంజరం గంట కొడుతుంది, చివర్లో కోడి కూస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే జనం తలలూ ఫోన్లే కనిపించాయి. మర్నాడు ఏడింటికి వెళ్లాం. బొమ్మలు తొమ్మిదింటికి గానీ కదలవు, కానీ చూడాల్సింది ఆ డయల్ అని నాకప్పుడు తెలిసింది. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో ఒక వలయం చెబుతుంది. సగం నలుపు, సగం వెండి రంగున్న చిన్న గోళం తనంతట తానే తిరుగుతూ చంద్రకళలు చూపిస్తుంది. బయటి వలయం పాత చెక్ లెక్క: పొద్దుగూకేసరికి ఇరవై నాలుగు గంటలూ పూర్తవుతాయి. మనకి సూర్యోదయంతో రోజు మొదలు కదా, అమ్మకి అది భలే నచ్చింది. కింది క్యాలెండర్ బొమ్మల్లో తన సింహరాశిని వెతికి మరీ పట్టుకుంది.

టౌన్ హాల్ టవర్‌కి లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ పైకెళ్లొచ్చు.

అదే గోడ పక్కన నేలలో 27 తెల్లరాతి శిలువలున్నాయి. హాబ్స్‌బర్గ్ వంశపు రాజుపై తిరగబడి ఓడిన 27 మందికి 1621 జూన్ 21న ఇక్కడే మరణశిక్ష అమలు చేశారు. పగటిపూట జనం చూడకుండానే వాటిని తొక్కుకుంటూ పోతున్నారు. మాకూ ముందురోజు కనబడలేదు. ఆ ఉదయం అమ్మ చెప్పులు విప్పి కాసేపు నిలబడింది. స్క్వేర్ నడుమనున్న చర్చి సంస్కర్త యాన్ హుస్ విగ్రహాన్ని, ఆయన్ని సజీవ దహనం చేసిన 500 ఏళ్లకి, 1915లో నిలబెట్టారు.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. కమిషన్ లేదన్న బోర్డు చూసి ఒకచోట యూరోలిస్తే చాలా తక్కువ కొరునాలు (చెక్ డబ్బు) చేతిలో పెట్టారు. అదృష్టం, మార్పిడి కేంద్రాల్లో మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. రసీదు చూపిస్తే మా యూరోలు తిరిగిచ్చేశారు. అందుకే ఆ కాగితం పారేయకండి.