పుల్ల లేని ఇంజన్‌తో ఆరేళ్లు

ఈ కారు కొన్న రోజు మా నాన్న మొదట అడిగింది మైలేజీ గురించి కాదు. బానెట్ ఎత్తించి, చేతులు వెనక్కి కట్టుకుని ఇంజన్‌ని కాసేపు చూసి, "గేజేదిరా?" అన్నారు. గేజంటే ఇంజన్ ఆయిల్ ఎంతుందో ముంచి చూసే పుల్ల. నేనూ వెతికాను. పసుపు రంగు రింగు కనిపించాల్సిన చోట నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది, అంతే. అమ్మినాయన "ఈ మోడల్‌కి పుల్ల ఉండదండీ, అంతా స్క్రీన్‌లోనే" అన్నాడు. "స్క్రీన్ తప్పు చెప్తే?" అన్నారు నాన్న. అందరం నవ్వేశాం. నాలుగేళ్ల తర్వాత నాకు ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ సంగతి ముందుంది.

2019 అక్టోబరులో, 31,000 కిలోమీటర్ల దగ్గర, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టర్బో పెట్రోల్ సెడాన్ ఇది. ఇప్పుడు మీటరు 1,04,000 దాటింది. వారానికి మూడు రోజులు విజయవాడ గుణదల నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఆఫీసుకు, సాయంత్రం మళ్లీ వెనక్కి. పండక్కో పెళ్లికో హైదరాబాదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ వ్యవహారం కాదు. బీఎండబ్ల్యూ 2000ల మధ్యనుంచే కొన్ని ఇంజన్లకు పుల్ల తీసేసింది, ఆడీ కూడా చాలా మోడళ్లలో అదే పని చేసింది. సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటి కారు చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆయిల్ చూసే పద్ధతి నా కారులో ఇలా. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడపాలి. చదునైన చోట ఆపాలి. ఇంజన్ ఆపేసి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి రెండు నిమిషాలు ఆగాలి. అప్పుడు స్క్రీన్‌లో కింద మినిమం, పైన మ్యాక్సిమం, మధ్యలో ఒక గీత కనిపిస్తుంది. కొన్ని కంపెనీల కార్లు ఇంజన్ నడుస్తుండగానే కొలుస్తాయి, కాబట్టి పక్కవాడి కారు చూసి నేర్చుకోవద్దు. మాన్యువల్ తెరవండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే "ప్రస్తుతం కొలత లేదు" అంటుంది. పాత కార్లలో మనకు అలవాటైనదేమో సరిగ్గా ఆ పొద్దుటి పూటే. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది, గేజ్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూస్తే ఖాయం. ఇక్కడ లెక్క తిరగబడింది.

"చదునైన చోట" అన్న మాటను మొదటి మూడు నెలలు నేను లెక్కచేయలేదు. మా ఇల్లు గుణదల కొండ వాలులో ఉంది, ఇంటి ముందు కారు ఎప్పుడూ ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఇంటి దగ్గర చూస్తే గీత పావు వంతు తక్కువ. బ్రాడీపేట ఆఫీసు సెల్లార్‌లో చూస్తే సరిగ్గా ఉంది. ఇంటి దగ్గర తగ్గి ఆఫీసులో ఎలా పెరుగుతుందని బుర్ర గోక్కున్నాను. ఆ తర్వాత ఒకటే నియమం పెట్టుకున్నాను: సోమవారం, గుంటూరులో, సెల్లార్‌లో అదే స్తంభం పక్కన. ఆ అంకె తప్ప ఇంకే అంకెనూ నమ్మను.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, ఆయిల్ చాంబర్ అడుగున చిన్న సెన్సర్ ఉంటుంది. అది మన చెవికి అందనంత సన్నటి శబ్దాన్ని పైకి పంపుతుంది. ఆయిల్ పైతలానికి తగిలి ఆ శబ్దం తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి ఎత్తు లెక్కకడుతుంది. నూతిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినపడిందో చూసి లోతు అంచనా వేసేవాళ్లే మన పెద్దవాళ్లు, అదే కిటుకు తలకిందులుగా. ఆయిల్ వేడెక్కితే శబ్దం వేగం మారుతుంది కాబట్టి వేడి కూడా కొలుస్తుంది. పాతరకం సెన్సర్లలో అయితే సన్నటి తీగను వేడిచేసి అది ఎంత త్వరగా చల్లారుతుందో చూసేవారు. ఆయిల్‌లో ఎక్కువ మునిగితే త్వరగా చల్లారుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ లోపల చిలికిన మజ్జిగలా ఉంటుంది కనుక ఒక్క రీడింగ్‌ని నమ్మకుండా, చాలా రీడింగుల సగటు తీసుకుంటుంది. మీరు ఆయిల్ పోసిన వెంటనే గీత కదలకపోవడానికి కారణం ఇదే.

ఒక తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లే దీన్ని కలిపేస్తుంటారు. పసుపు రంగు ఆయిల్ క్యాన్ బొమ్మ వస్తే లెవెల్ తగ్గిందని. పక్కకు ఆపి, తీరిగ్గా పోసుకోవచ్చు. ఎరుపు రంగులో అదే బొమ్మ వస్తే ప్రెషర్ పడిపోయిందని. అది వేరే స్విచ్, వేరే కబురు. అక్కడికక్కడే ఇంజన్ ఆపేయాలి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా ఇల్లు" అనుకుంటే ఇంజన్ బోరుకొస్తుంది.

నాకు పసుపు లైటు మొదటిసారి వచ్చింది 2021 మే నెలలో, గుంటూరు దారిలో కాజ టోల్ దగ్గర. మిట్టమధ్యాహ్నం. పక్కన ఆపి బానెట్ ఎత్తాను. ఎత్తి ఏం చూడాలో నాకే తెలియదు, చూడ్డానికి పుల్ల లేదుగా. కాసేపు నిలబడి దించేశాను. బండి స్టార్ట్ చేస్తే లైటు లేదు! మా ఆవిడ "గాలి తగిలింది కదండీ, సర్దుకుంది" అంది. నేనూ అలాగే నమ్మేసి గుంటూరు వెళ్లి, వచ్చి, మర్నాడు మళ్లీ బయల్దేరితే గుంటూరు చేరేసరికి మళ్లీ వెలిగింది. రాత్రి మాన్యువల్ తీసి చూస్తే అందులో రాసే ఉంది: బానెట్ తెరిస్తే, మీరు ఆయిల్ పోశారనుకుని బండి ఆ హెచ్చరికను ఆర్పేస్తుంది. పోయకపోతే సుమారు 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూపిస్తుంది. ఆ వంద కిలోమీటర్లు నేను తక్కువ ఆయిల్‌తోనే తిరిగాను. ఎవరు ఆలోచించారో కానీ, ఇంతకంటే పిచ్చి ఏర్పాటు ఉండదు.

మినిమంకి, మ్యాక్సిమంకి మధ్య నా ఇంజన్‌లో తేడా సుమారు ఒక లీటరు. మొదట్లో 5,000 కిలోమీటర్లకు ఒక లీటరు తాగేది. ఇప్పుడు 3,000కే తాగుతోంది. టర్బో పెట్రోల్ ఇంజన్లకు ఈ జబ్బు కొత్త కాదు. పిస్టన్ రింగుల పక్కనుంచో, వాల్వ్ సీళ్ల నుంచో కొంచెం కొంచెం కాలిపోతుంటుంది. 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని కొన్ని మాన్యువల్సే రాసుకున్నాయి, అలా రాసుకోవడం వాళ్లకే మంచిది. కిందా మీదా చుక్క కారకుండా తగ్గుతుంది కాబట్టి సెన్సర్ లేకపోతే ఇంత తాగుతోందని నాకు తెలిసేదే కాదు. నిజం ఒప్పుకోవాలి: పుల్ల ఉన్న మా పాత కారులో నేను నెలకోసారి కూడా గేజ్ తీసేవాణ్ని కాదు. తీసేది నాన్న. దీంట్లో వారంవారం చూస్తున్నాను, అదీ చొక్కా నలగకుండా.

మా ఆవిడ సంగతి చెప్పనక్కర్లేదు. పట్టుచీరలో పెళ్లికి వెళ్తూ కూడా రెండు నొక్కులు నొక్కి "ముప్పావు ఉందండీ" అంటుంది. ఇంకో లాభం హైవే బంకుల దగ్గర. గేజ్‌ని పూర్తిగా లోపలికి దించకుండా పైకి తీసి, "చూడండి సార్, అడుగంటింది" అని ఒక డబ్బా అంటగట్టే విద్య కొందరికి వచ్చు. నాన్న ఒకసారి తిరుపతి దారిలో బలయ్యారు కూడా. ఈ కారు దగ్గర ఆ విద్య చెల్లదు.

కానీ ఎక్కువ పోస్తే ఏమవుతుందో చెప్పాలి. 2022లో ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాను. ఇంజన్ పట్టేది ఫిల్టర్‌తో కలిపి 4.6 లీటర్లు. కుర్రాడు 5 లీటర్ల క్యాన్ వంచాడు, ఆఖరి చుక్కదాకా. పుల్ల ఉంటే అక్కడే ముంచి చూసేవాడు, ఆగేవాడు. ఇక్కడ స్క్రీన్ ఏమో "కొలత లేదు" అంటోంది. బండి తీసుకుని వారధి దాటి తాడేపల్లి దాకా వచ్చాక, ఆయిల్ ఎక్కువైంది, తగ్గించండి అని చెప్పింది. ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆ ఆయిల్‌కి తగిలి నురగ చేస్తుంది, నురగ బ్రీదర్ గొట్టంలోంచి ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పోతుంది, సైలెన్సర్‌లో నీలం పొగ, చివరికి పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌కి ఎసరు. వెనక్కి తిప్పి, కింద డ్రైన్ బోల్టు వదులుచేసి, అర లీటరు తీయించుకుని, చేతులు కాల్చుకుని వచ్చాం. అప్పటినుంచి నేనే అక్కడ నిలబడతాను. నాలుగుంపావు పోయించి, పావుగంట నడిపి, చూసి, మిగతాది పోయిస్తాను. ఆటోనగర్‌లో నన్ను చూస్తే "కొలతల సార్ వచ్చాడు" అంటారు.

ఇక నాన్న మాట. 2023 ఆగస్టులో స్క్రీన్ మీద "ఆయిల్ లెవెల్ సెన్సర్ లోపం" అని వచ్చింది. ఆయిల్ ఉందా లేదా అని కాదు, ఉందో లేదో నాకు తెలియదు అని. ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి సెన్సర్ పోయిందన్నారు. పార్టు రావడానికి పదకొండు రోజులు. ఆ సెన్సర్ ఉండేది చాంబర్ అడుగున కదా, దాన్ని విప్పాలంటే ఆయిల్ మొత్తం దించాలి. అప్పటికి నేను కొత్త ఆయిల్ పోయించి 2,000 కిలోమీటర్లే. "దించిందే మళ్లీ పోయొచ్చు కదా" అన్నాను. మా దగ్గర అలా చేయరు సార్ అన్నారు. సెన్సరు, గాస్కెట్, ఆయిలు, ఫిల్టరు, కూలీ అన్నీ కలిపి 17,400 రూపాయలు. పాత కారుకి గేజ్ పోతే పాత సామాన్ల కొట్టులో రెండు వందలకు దొరికేది.

ఆ పదకొండు రోజులు టెన్షనే. చివరికి ఆటోనగర్‌లో ముసలి మెకానిక్ ఒకాయన, బాబాయ్ అంటాం, నల్లటి ప్లాస్టిక్ మూత మీద గోటితో కొట్టి, "దీని కింద గొట్టం ఉందబ్బాయ్. కొలిచే పుల్ల వర్క్‌షాపు వాళ్ల దగ్గరుంటది, నీకివ్వరు" అన్నాడు. నిజమే. ఇలాంటి కొన్ని ఇంజన్లకు గొట్టం ఉంచి, పుల్ల మాత్రం సర్వీస్ పనిముట్టుగా దాచుకున్నారు. మీద రింగు ఉంటుంది, దాన్ని ఆ ఇంజన్‌కి చెప్పిన అంకె దగ్గర బిగించి ముంచాలి. ఆయన దగ్గర అలాంటిదొకటి ఉంది. మూత లాగి, ముంచి, బనీన్ వేస్ట్ మీద తుడిచి, మళ్లీ ముంచాడు. పుల్ల చివర తేనెరంగు ఆయిల్, గీతకి రెండు మిల్లీమీటర్ల కింద. ఒక చుక్క బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్ది, వేళ్లు విడదీసి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుంది, పో" అన్నాడు. నాలుగేళ్లలో నా ఇంజన్ ఆయిల్‌ని పుల్ల మీద నేను చూడటం అదే మొదటిసారి.

ఆ వేళ్లతో రుద్దడం ఎందుకో నాకు ఏడాది తర్వాత పూర్తిగా అర్థమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది కదా, మా బావమరిది కారు బంపర్ దాటి బానెట్ దాకా నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక వాడు ఆత్రంగా తాళం తిప్పబోతే పక్కింటాయన ఆపి, ముందు గేజ్ తీయించాడు. పుల్ల మీద పాలు ఎక్కువైన కాఫీలా తెల్లటి గోధుమరంగు. నీళ్లు కలిశాయి. స్టార్ట్ చేయలేదు, ఇంజన్ మిగిలింది. ఆ వారం ఆ వీధుల్లో మెకానిక్కులు బానెట్ తర్వాత బానెట్ ఎత్తి ఆ పుల్లలే తీస్తూ పోయారు. నా కారు అక్కడ ఉండి ఉంటే? బ్యాటరీ మునిగాక స్క్రీన్ రాదు. వచ్చినా, చల్లటి ఇంజన్‌కి "కొలత లేదు" అనే అనేది. కొలిచినా, నీళ్లు కలిసి పెరిగిన మట్టాన్ని చూపించేదే తప్ప నీళ్లు కలిశాయని చెప్పేది కాదు. ఆయిల్ నాణ్యత కూడా పసిగట్టే సెన్సర్లు కొన్ని మోడళ్లలో ఉన్నాయి, నా దాంట్లో ఉన్నది ఎత్తు మాత్రమే కొలుస్తుంది.

మార్కులు వేయమంటే ఐదుకి మూడు. రోజువారీ వాడకానికి నాలుగున్నర ఇస్తాను, ఆయిల్ మార్చే రోజుకి ఒకటి, సెన్సర్ చెడినప్పుడు సున్నా. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు బండిని వేడెక్కించి, చదును నేల మీద ఆపి, గీత ఎక్కడుందో ఫోటో తీసుకోండి. అమ్మేవాడు బానెట్ అప్పుడే తెరిచి మూశాడేమో గమనించండి, కారణం పైన చెప్పాను. నల్ల మూత కింద గొట్టం ఉందో లేదో అడగండి. గొట్టమే లేని ఇంజన్లూ ఉన్నాయి, వాటికి సెన్సర్ పోతే బాబాయ్ కూడా ఏం చేయలేడు.

నేను మాత్రం ఆ సర్వీస్ పుల్ల లాంటిదొకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను, 1,350 రూపాయలు. డిక్కీలో స్టెప్నీ పక్కన, పాత బనీనులో చుట్టి ఉంటుంది. మొన్న ఆదివారం నాన్నకి చూపించాను. ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, కళ్లజోడు పైకి జరిపి రింగు దగ్గరి అంకెలు చదివి, "మరి ఇది కారుతోనే ఇవ్వొచ్చుగా" అన్నారు.